నాలుగు చేపల మీద ఒట్టు

మా మామ ఒట్టు పెట్టని వస్తువు మా ఇంట్లో లేదు. బీడీ మానేస్తానని అలంపూర్ అమ్మవారి మీద పెట్టిన ఒట్టు నాలుగు రోజులు నిలిచింది. ముప్పై ఏళ్లు తిండి పెట్టిన బస్సు స్టీరింగ్ మీద పెట్టింది రెండు రోజులు నిలిచింది. కంచంలో అన్నం మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట ఆ అన్నం అరిగేదాకా కూడా ఆగలేదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లు. అన్నేళ్లలో ఆయన బీడీ మానేసినన్ని సార్లు నేను కొత్త చీర కట్టి ఉండను.

పోయిన చలికాలంలో దగ్గు ముదిరింది. వనపర్తిలో దవాఖానకు తీసుకుపోతే డాక్టరు ఛాతీ ఫొటోను కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు.

"పెద్దాయనా, మీ ఇంట్ల కట్టెల పొయ్యి ఉన్నదా?" అని అడిగాడు.

"లేదు సార్, గ్యాసే."

"మరి ఈ పొగగొట్టం ఏడిది?" అని ఆ ఫొటోనే మామ ముందు పెట్టాడు.

మామను ఇంటికి తీసుకొచ్చాం. గడప దాటగానే అలవాటు కొద్దీ కుడిచెయ్యి ముందుకు చాపాడు, దేని మీదైనా ఒట్టు పెడదామని. అత్తమ్మ ఆ చేతిని గాల్లోనే పట్టుకుంది.

ఎవరి మీద ఒట్టు పెడితే, మాట తప్పినప్పుడు ఆ చెడు వాళ్లకే తగులుతుందని మావాళ్ల నమ్మకం. అత్తమ్మ బాధంతా అక్కడే ఉంది.

"దేవుని మీద పెడ్తవ్, దేవునికేమైతది? బస్సు మీద పెడ్తవ్, అది ఎన్నడో పాత ఇనుపసామాన్ల కింద పోయింది. నా మీద పెట్టిన ఒట్లకు నేనీపాటికి ముప్పైసార్లు సచ్చి ఉండాలె. కొడుకు మీద, కోడలి మీద పెట్టనియ్య. కండ్ల ముందర పానంతోని తిరిగేదాని మీద పెట్టు. తప్పినవా లేదా అదే చెప్తది" అన్నది.

మామ గదంతా కలియజూశాడు. పానంతో తిరిగేవి మేం ముగ్గురం పోగా మిగిలినవి గాజు తొట్టిలో ఉన్నాయి.

ఆ తొట్టి కథ ఒక్క మాటలో చెబుతాను. మా ఆయన ఉద్యోగం గద్వాలలో. ఆదివారం ఆదివారం ఇంటికొస్తాడు. తోటి ఉద్యోగికి బదిలీ అయితే, మోసుకుపోలేక ఆ తొట్టిని ఈయన నెత్తిన పెట్టాడు. ఈయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, చేపల కవరు చేత్తో పట్టుకుని, బస్సులో అందరి సలహాలూ వింటూ తెచ్చి నా నెత్తిన పెట్టాడు. రెండడుగుల తొట్టి, నాలుగు చేపలు. రెండు ఎర్రవి, ఒకటి నల్లది, ఒకటి తెల్లగా ఉండి నెత్తి మీద మాత్రం ఎర్రటోపీ పెట్టుకున్నట్టు ఉండేది. కడగడం నా వంతు, చూడటం ఎవరి వంతూ కాదు. అవి ఉన్నాయని మేం దాదాపు మర్చిపోయాం.

మామ పోయి ఆ తొట్టి మూత మీద చెయ్యి పెట్టాడు.

"ఈ నాలుగు చాపల మీద ఒట్టు. ఇగ బీడి ముట్ట."

నిజం చెప్పాలంటే నేను లోపలికి పోయి నవ్వుకున్నాను. పాపం, ఈ చేపలకు వారం రోజులే ఆయుష్షు అనుకున్నాను. కానీ వారం గడిచింది, నెల గడిచింది, మామ బీడీ ముట్టలేదు. దగ్గు తగ్గింది. జేబులోకి పోవాల్సిన చెయ్యి చేపల మేత డబ్బా మీదికి పోవడం మొదలైంది. తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నల్లది మొండిదనీ, ఎర్రటోపీది మెతకదనీ, మిగతా రెంటికీ ఒకదానికొకటి పడదనీ నాకు ఆయనే చెప్పాడు.

అత్తమ్మ మాత్రం నమ్మలేదు. మామ బయటి నుంచి ఎప్పుడొచ్చినా గడప దగ్గర నిలబడి "ఊదు" అనేది.

ఇది ఆమెకు మామ ఉద్యోగం నుంచే వచ్చిన తెలివి. డిపోలో డ్యూటీ ఎక్కే ముందు డ్రైవర్ల చేత మిషన్‌లో ఊదిస్తారని ఆయనే ఎప్పుడో చెప్పి ఉంటాడు. చెప్పినందుకు ఇప్పుడు అనుభవిస్తున్నాడు.

"మిషన్ల గన్నిసార్లు ఊదిన. ఒక్కనాడు తప్పు సూపియ్యలే. ఈ వయసుల నీ ముక్కుల ఊదాల్నా?"

"ఊదు."

మామ వంగి "ఉఫ్" అనేవాడు. అత్తమ్మ కళ్లు మూసుకుని, తీర్పు చెప్పే ముందు జడ్జి ఆలోచించినట్టు కాసేపు ఆలోచించి, "ఊఁ, పో లోపలికి" అనేది. ఎదురింటివాళ్లు ఆ టైముకు పనులు మానుకుని అరుగుల మీదికి వచ్చేవాళ్లు.

ఇదంతా బాగానే నడిచింది, ఎండాకాలం వచ్చేదాకా.

పాలమూరు ఎండ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మా ముందరి గది పైకప్పు రేకులది. ఉగాది దాటగానే ఆ గదిలో కూర్చుంటే నెత్తి మీద పెనం పెట్టినట్టు ఉంటుంది. తొట్టి ఉన్నది ఆ గదిలోనే. ఒకరోజు మిట్టమధ్యాహ్నం నేను నీళ్లు తాగుదామని వచ్చి చూస్తే నాలుగు చేపలూ పైకి వచ్చేసి, నోళ్లు బయటపెట్టి, గుటకలు వేస్తున్నాయి. సరిగ్గా అప్పుడే మామ క్షవరం చేయించుకోవడానికి పోయి ఉన్నాడు.

ఆయన తిరిగొచ్చేసరికి అత్తమ్మ గేటు దగ్గరే ఉంది.

"ఏడ తాగినవ్?"

"ఏంది?"

"చాపలు నోరు తెరిసి కొట్టుకుంటున్నయి. నిజం చెప్పు."

మామకు అప్పుడే గడ్డం గీయించుకున్న సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. రెండుసార్లు ఊదాడు. అయినా ఆమె పక్కకు జరగలేదు. నేను సర్కారు బడిలో సైన్సు టీచర్ని. నాకు కోపం తొందరగా వస్తుందని ఎనిమిదో తరగతి పిల్లలందరికీ తెలుసు. గేటు దాకా పోయి గట్టిగానే చెప్పాను.

"అత్తమ్మా, నీళ్లు వేడెక్కితే అందులో గాలి తగ్గిపోతది. ఊపిరాడక పైకొస్తయి. దానికీ బీడీకీ ఏం సంబంధం లేదు."

"నువ్వు సైన్సు టీచరువు బిడ్డా. ఒట్టు సంగతి నీకు తెల్వదు" అన్నది, నన్నే ఓదారుస్తున్నట్టు.

ఆ సాయంత్రం మామ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మామూలుగా అటువైపు రాడు.

"బిడ్డా, నేను తాగలే. నిజంగ తాగలే. ఇన్నేండ్లల్ల మొదటిసారి మాట మీద నిలవడ్డ. ఇప్పుడు ఈ ఎండ నన్ను దొంగను చేసేటట్టున్నది. అవి సస్తే నేను తాగినట్టే లెక్క. మీ అత్త ఇగ ఎన్నటికి నమ్మదు. జర ఎట్లన్న చేసి వాటిని బతికియ్యి" అన్నాడు.

నాకు నవ్వు రావాలి. రాలేదు. అంత పెద్దమనిషి, లారీలు ఎదురొచ్చినా బ్రేకు మీద కాలు వణకని మనిషి, నాలుగు చేపల కోసం నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బడికి సెలవులు కూడా ఇచ్చారు. సరే మామా, నేను చూసుకుంటానన్నాను. అన్నంత తేలిక కాదని మరునాడే తెలిసింది.

ముందు నీళ్లు ఎంత వేడెక్కాయో తెలియాలి. నేను వంట ముగించుకుని వచ్చేలోపు మామ మందుల డబ్బాలోంచి జ్వరం చూసే థర్మామీటరు తీసి, దులిపి, నీళ్లలో ముంచి, గడియారం చూస్తూ కూర్చున్నాడు.

"జొరం లేదు. పాదరసం కదలనే లేదు" అన్నాడు సంతోషంగా.

అది తొంభై నాలుగు దగ్గర మొదలవుతుందనీ, అక్కడిదాకా పోయేలోపే చేపల పని అయిపోతుందనీ చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే ఇది ఒట్టి మనుషుల పార్టీది" అని మళ్లీ డబ్బాలో పెట్టేశాడు.

ఆ తర్వాత మంచుగడ్డలు. నేను వద్దనేలోపే ఫ్రిజ్‌లో ట్రే మొత్తం తెచ్చి దభాలున కుమ్మరించాడు. నల్లచేప ఒక్కసారి బిగుసుకుపోయి పక్కకు వాలింది. నేను బళ్లో అరిచినట్టు అరిచాను. మంచుముక్కలన్నీ గరిటెతో ఏరి పారేశాక, అది కాసేపటికి మళ్లీ నిటారుగా నిలబడింది. ఆ పూటకు మామ అన్నం తినలేదు.

ఆ దెబ్బతో ఒక పద్ధతి పెట్టుకున్నాం. సీసాల్లో నీళ్లు పోసి గడ్డకట్టించి, మూత బిగించి, ఒక్కొక్కటి తొట్టిలో తేలేయాలి. నీళ్లు మెల్లగా చల్లబడతాయి. దాంతో ఫ్రిజ్ నిండా చేపల సీసాలే. పెరుగు గిన్నెకు చోటు లేదు. ఎవరైనా వచ్చి చల్లటి నీళ్లు అడిగితే మామ అడ్డం పడేవాడు.

"అవి చాపలయి. మీకు కుండల ఉన్నయి, తాగున్రి."

మామా నేనూ కలిసి తొట్టిని రేకుల గదిలోంచి నడిమింట్లోకి మార్చాం. మోస్తుంటే ఒకవైపు వంగి, నీళ్లు సగం నా చీర మీదే పోయాయి. వెనక గోడ వేడి తగలకుండా గోనెపట్టా తడిపి కట్టాం. అయినా మధ్యాహ్నానికి నీళ్లు గోరువెచ్చగానే ఉండేవి. మూడో రోజు నాకు గుర్తొచ్చింది. తడిబట్ట, మట్టికుండ, ఒంటి చెమట, ఈ మూడు ఉదాహరణలూ పదిహేనేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. నీరు ఆవిరైతే మిగిలింది చల్లబడుతుందని పిల్లల చేత వందసార్లు చెప్పించాను. అంత చదువు చెప్పిన నాకు, మూత తీసి నీళ్ల మీదికి ఫ్యాను తిప్పాలని తట్టడానికి మూడు రోజులు పట్టింది. సిగ్గేసింది. చేపలు బయటికి ఎగరకుండా పైన దోమతెర ముక్క పరిచి టేబుల్ ఫ్యాను పెట్టాను. గంటలో నీళ్లు చల్లబడ్డాయి. చేపలు కిందికి దిగి తిరగడం మొదలుపెట్టాయి. మామ కళ్లలో నీళ్లు తిరిగాయి, అదైతే నేను చూశాను.

ఆదివారం గద్వాల నుంచి మా ఆయన దిగాడు. చొక్కా అంతా చెమట. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ చేపల మీద తిరుగుతోంది, ఇంట్లో ఉన్న ఒక్క కూలరూ అటే తిరిగి ఉంది. ఆయన పోయి కూలరుకూ తొట్టికీ మధ్య కింద కూర్చున్నాడు.

"జరుగు రా. వాటికి గాలి తగుల్తలేదు" అన్నాడు మామ.

"నేను తెచ్చిన చాపలే గదనే నాయినా!"

"తెచ్చినవ్, గద్వాలకు పోయినవ్. ఈడ చూసేటోళ్లం మేము."

ఆయన నా వైపు చూశాడు. నేను మామ వైపే. ఇక చేసేదేం లేక లేచి పోయి బావి గట్టున వేపచెట్టు కింద పడుకున్నాడు.

ఈ గొడవలో అత్తమ్మ ఎటువైపో నాకు అర్థమయ్యేది కాదు. ఒకవైపు రోజూ పొద్దునా సాయంత్రం తొట్టి దగ్గరికి వచ్చి వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టేది. లెక్క తప్పితే మామను పట్టుకుందామనే ఆశ ఆ వేలిలో నాకు కనిపించేది. ఇంకోవైపు ఒక మధ్యాహ్నం నేను చూసేసరికి తొట్టి నీళ్ల నిండా నల్లటి గింజలు, ఒక్కో గింజ చుట్టూ తెల్లటి జిగురు. చేపలు వాటిని నోట్లోకి తీసుకోవడం, ఉమ్మేయడం, మళ్లీ తీసుకోవడం. సబ్జా గింజలు!

"ఎవరు వేశారివి?" అని కేకేశాను. మామ భయపడి రెండు చేతులూ ఎత్తేశాడు.

"సబ్జలు చలువ గద" అన్నది అత్తమ్మ గోడ వైపు చూస్తూ. "మనకు వేడి చేస్తే తాగుతమా లేదా? పానమున్నదే గద అది కూడ. మజ్జిగ పోద్దామనుకున్న, మల్ల నువ్వు కోప్పడ్తవని పొయ్యలే."

మజ్జిగ పోయనందుకు ఆమెకు నేను దణ్ణం పెట్టాలి. టీ వడపోసే జల్లెడతో ఆ గింజలు ఏరేసరికి సాయంత్రమైంది. మరునాడు పొద్దున లేచి చూస్తే, అత్తమ్మ మళ్లీ వేలు పెట్టి లెక్కపెడుతోంది.

వైశాఖంలో ఒకరోజు లైన్ల మరమ్మతని పొద్దున్నే కరెంటు తీసేశారు. ఫ్యాను లేదు, కూలరు లేదు, పది దాటేసరికి సీసాలన్నీ కరిగిపోయాయి. ఇంట్లో చల్లగా ఉన్నవి రంజన్లే. ముందరి పందిరి కింద తడి ఇసుకలో రెండు రంజన్లు, అంటే మట్టికుండలు, ఎప్పుడూ నీళ్లతో ఉంటాయి. ఇంటికి వచ్చినవాళ్లు ముంచుకు తాగడానికి పెట్టినవి. నేనూ మామా ఆలోచించి, చిన్న రంజన్‌లో సగం నీళ్లు తీసేసి, తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి, నాలుగు చేపలనూ గిన్నెతో అందులోకి దింపాం. మూత పెట్టి గోనెపట్టా చుట్టాం. చేపలు హాయిగా ఉన్నాయి. ఆ తెలివికి మేమిద్దరం ఒకరినొకరం మెచ్చుకున్నాం.

ఒంటిగంటకు గోపాల్‌పేట నుంచి మామకు బావమరిది వరసైన మనిషి వచ్చాడు, బిడ్డ పెళ్లి కార్డు ఇవ్వడానికి. మా వైపు ఎండలో వచ్చిన మనిషి ముందు పలకరించడు. చెప్పులు విడిచి, నేరుగా రంజన్ దగ్గరికి పోయి, చెంబు ముంచి, నిలబడే తాగుతాడు. ఆ తర్వాతే మాట. ఇది మా ఇద్దరికీ పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. తెలిసి కూడా రంజన్‌లో చేపలు పెట్టాం.

నేను లోపలి నుంచి వచ్చేసరికి ఆయన చెంబు ఎత్తి పట్టుకుని, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని గటగటా పోసుకుంటున్నాడు. "ఆగండి!" అని నేను అరిచేలోపే చెంబులోంచి నీళ్లతో పాటు ఎర్రటోపీ చేప జారి, ఆయన మీసాల మీద పడి, ఒక్క ఎగురు ఎగిరి ఇసుకలో పడింది. మామ ఏ వయసులో ఉన్నాడో మర్చిపోయి దూకాడు. దోసిట్లో పట్టి, కడిగి, రంజన్‌లో వదిలాడు.

బావమరిది మీసాలు తుడుచుకుని చెంబులోకి తొంగి చూశాడు.

"బావా, మీ ఊర్ల నల్లాల చాపలొస్తున్నయా?"

సంగతంతా చెప్పి, పెద్ద రంజన్ నుంచి మంచి నీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాం. ఆయనకింకా దడ తగ్గలేదు. దడ తగ్గడానికి జేబులోంచి బీడీల కట్ట తీసి ఒకటి ముట్టించుకున్నాడు. ఇంకొకటి తీసి మామకు చాపాడు. నేను దర్వాజ దగ్గరే ఉన్నాను. మామ చెయ్యి లేచింది. నలభై ఏళ్ల అలవాటు, దానంతటదే లేచింది. సగం దాకా పోయి ఆగింది. ఆయన తల తిప్పి రంజన్ వైపు చూశాడు.

"వద్దు బామ్మర్ది. అవి సూస్తున్నయి" అన్నాడు.

అంత పని జరిగినప్పుడు అత్తమ్మ ఇంట్లో లేదు. పక్కింటికి పోయింది. బావమరిది అటు వెళ్లగానే ఇటు వచ్చింది. పందిరి కిందంతా బీడీ వాసన. ఆమె ముఖం మారిపోయింది.

"ఊదు."

మామ ఊదాడు. ఆమె మళ్లీ మళ్లీ వాసన చూసింది. గాలిలోనే అంత పొగ ఉంటే ఏ నోటిదని తేలుస్తుంది?

"నేను చూసిన అత్తమ్మా, మామ తాగలే. ఆయన ఇయ్యబోయిండు, మామ వద్దన్నడు" అన్నాను.

"నువ్వు ఆయన దిక్కే. ఇయ్యాల నా ముక్కు పని చేస్తలేదు. చాపలే చెప్తయి" అని లోపలికి పోయింది.

మామ ఇసుకలో గోనెపట్టా పక్కన కూలబడ్డాడు. తాగి దొరికిపోయినప్పుడు ఎన్నోసార్లు ఆయన ముఖం చూశాను, అప్పుడు నవ్వు దాచుకునేవాడు. తాగకుండా దొరికిపోయిన ముఖం అదే మొదటిసారి చూడటం. నాకు అత్తమ్మ మీద ఒళ్లు మండింది. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

కరెంటు వచ్చింది, చేపలు తొట్టిలోకి పోయాయి, మేం భయపడ్డట్టు ఏమీ కాలేదు. ఎర్రటోపీది మాత్రం మేత సరిగా తినేది కాదు. మూలన ఉండిపోయేది. మామ రోజుకు పదిసార్లు దాన్ని పలకరించేవాడు.

పెళ్లిరోజు వచ్చింది. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, మామ ఒక్కడే మొదటి బస్సుకు గోపాల్‌పేట బయల్దేరాడు. తెల్ల చొక్కా, తెల్ల ధోవతి. పోయే ముందు కూడా అత్తమ్మ ఊదించింది, వచ్చేటప్పటి ఊపిరితో పోల్చి చూడటానికి కాబోలు. ఆయన గేటు దాటగానే నేను సీసా పట్టుకుని తొట్టి దగ్గరికి పోయాను. ఎర్రటోపీ చేప పక్కకు తిరిగి నీళ్ల మీద తేలుతోంది. వేలితో తాకాను. కదల్లేదు.

మామ బస్సు ఇంకా ఊరు కూడా దాటి ఉండదు. పెళ్లిలో అడుగడుగునా బీడీలుంటాయి. సాయంత్రం ఆయన వచ్చేసరికి మూడు చేపలుంటే ఇక ఆయన ఏం చెప్పినా ఎవరు వింటారు? అయిదు నెలల మాట, ఒక్క ఎండదెబ్బకు పోతుంది. అత్తమ్మ పెరట్లో ఉంది. చేపను కాగితంలో చుట్టి, గేటు పక్కన కరివేపాకు చెట్టు మొదట్లో మట్టి తీసి పూడ్చేశాను. అబద్ధమాడితే పిల్లల్ని బెంచీ ఎక్కించే టీచర్ని నేనే.

అలాంటిదే ఇంకో చేప తేవడానికి వెంటనే బయల్దేరదామంటే పొయ్యి మీద పప్పు ఉంది. అంతలో అత్తమ్మే జొన్నల డబ్బా చంకన పెట్టుకుని పిండి గిర్నీకి పోయొస్తానని వెళ్లింది. ఆమె తిరిగొచ్చే అలికిడి కాగానే, ఆగకుండా సంచీ తీసుకుని, కూరగాయలకని చెప్పి గొడుగుతో బయటపడ్డాను. బస్టాండు వెనక రంగు చేపలు అమ్మే దుకాణం ఉంది.

"తెల్లది, నెత్తి మీద ఎర్రగా ఉండేది కావాలె."

"పొద్దున్నే ఒకటి పోయిందమ్మా. ఇంకొకటే ఉన్నది" అన్నాడు దుకాణమతను.

నా అదృష్టం బాగుందనుకున్నాను. నీళ్ల కవరును సంచీలో పెట్టుకుని, దాని మీదికే గొడుగు పట్టి, నేను ఎండలో ఇంటికొచ్చాను.

నడిమింట్లోకి పోయి దోమతెర ఎత్తాను. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. నాలుగు. మూలన కొత్తగా బెదురుతూ తిరుగుతోంది, తెల్లది, నెత్తి మీద ఎర్రటోపీ.

వెనక్కి తిరిగితే అత్తమ్మ కింద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. పక్కనే జొన్నల డబ్బా. అందులో జొన్నలు జొన్నలుగానే ఉన్నాయి. నేను ఆ డబ్బా వైపు చూశాను. ఆమె నా సంచీ వైపు చూసింది. అందులో ఒక్క టమాట లేదు, ఉబ్బిన నీళ్ల కవరు తప్ప.

"నువ్వెందుకు తెచ్చినవే?" అన్నది.

"నువ్వెందుకు తెచ్చినవ్ అత్తమ్మా?"

"పొద్దున నువ్వు కర్యాపాకు చెట్టు కింద తవ్వుతుంటె సూసిన. లోపలికొచ్చి లెక్కవెడితే మూడే ఉన్నయి."

"మరి మామ తాగిండు అనవా?"

అత్తమ్మ కత్తి కింద పెట్టింది.

"ఎండకు సచ్చింది గది. గాయింత నాకు తెల్వదా? ఆయన తాగితే నడక చూస్తేనే తెలుస్తది నాకు. సంక్రాంతి ముందల్నుంచి తాగలే ఆయన."

"తెలిసీ రోజూ ఎందుకు ఊదిస్తున్నవ్ మరి? మొన్న గంత మాటన్నవ్!"

"అడగకపోతే తాగుతడని భయం. మొన్న పొగ వాసనకు నాకు పానం పోయినంత పనైంది. నోటికొచ్చింది అన్న. అన్నంక ఆయన ఇసుకల కూసున్నది చూసిన, మల్ల పోయి మాట్లాడనీకి నాకు మొకం లేకుండె. ఇయ్యాల వచ్చి మూడే చూస్తే, నేను తాగలే తాగలే అని మొత్తుకుంటడు. అది నేను వినలేను బిడ్డా" అన్నది. కళ్లు తుడుచుకుంది. ఉల్లిగడ్డలున్నాయి కాబట్టి ఇద్దరం వాటి మీదికి నెట్టేశాం.

ఇన్నాళ్లూ ఆ లెక్కపెట్టే వేలిని నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. లెక్క తప్పుతుందేమోనని ఆమెకు కూడా భయమే. నేనామెతో మాట్లాడకుండా గడిపిన రోజుకు నాకు చాలా బాధేసింది. నా కవరులోని చేపను తిరిగి ఇచ్చేద్దామా అంటే, ఆ ఎండలో దాన్ని మళ్లీ తిప్పడం పాపమన్నది అత్తమ్మ. కవరును తొట్టిలో కాసేపు తేలేసి, నీళ్లు కలిపి, వదిలేశాను.

పొద్దుగుంకే వేళ మామ వచ్చాడు. పెళ్లిలో పాన్ వేసుకోలేదట, సోంపు తినలేదట, ఎవరో ఇలాచీ ఇస్తే అదీ జేబులోనే పెట్టుకున్నాడట. వాసన కప్పిపుచ్చడానికి తిన్నావంటుందని భయం. గడప దగ్గరికి వచ్చి, ఎవరూ అడగకముందే నడుము వంచి, నోరు తెరిచి నిలబడ్డాడు. ఎదురింటివాళ్లు అప్పటికే అరుగు మీద ఉన్నారు.

"కాళ్లు కడుక్కో పో. అన్నం తిందువు" అన్నది అత్తమ్మ.

"ఊదొద్దా?"

"పో అంటున్న గద."

మామకేం అర్థం కాలేదు. గోపాల్‌పేట నుంచి జాగ్రత్తగా తెచ్చుకున్న ఊపిరిని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అక్కడే నిలబడి, నెమ్మదిగా వదిలేసి, లోపలికొచ్చాడు. కాళ్లు కడుక్కోకుండానే తొట్టి దగ్గరికి పోయాడు. దోమతెర ఎత్తి వంగి చూశాడు. పెదవులు కదిలాయి. మళ్లీ మొదటి నుంచి కదిలాయి.

"ఏందే ఇది, ఐదున్నయి? నేను ఒట్టు పెట్టింది నాలుగింటి మీదనే గద?"

నేను అబద్ధం కోసం వెతుక్కుంటున్నాను. పిల్ల పెట్టిందందామంటే, ఒక్క పూటలో అంత పిల్లా అని అడుగుతాడు. అంతలో అత్తమ్మ కంచం తెచ్చి పీట ముందు పెట్టింది.

"నాలుగు నీయి. ఐదోది నాది. దాని మీద నేను ఒట్టు పెట్టిన."

"నువ్వా? ఏమని?"

"ఇగ నిన్ను ఊదమని అడగనని."

ఎర్రటోపీలు రెండు ఎందుకున్నాయో మామ అడగలేదు. అర్థమైందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఫ్యాను మెడను కొంచెం తొట్టి వైపు వంచి, వచ్చి పీట మీద కూర్చున్నాడు. నా ముఖం మీద నాకు నమ్మకం లేక నేను వంటింట్లోకి పోయాను.

మరునాడు మధ్యాహ్నం, మామ కునుకు తీస్తున్న వేళ, నడిమింట్లో నీళ్ల చప్పుడైతే వచ్చి చూశాను. అత్తమ్మ మోకాళ్ల నొప్పులతోనే వంగి, చెంబుతో గోనెపట్టా తడుపుతోంది. తడిపి, వేలు పెట్టి ఐదు దాకా లెక్కపెట్టింది.

"ఇంత ఎండల నీకెందుకు అత్తమ్మా, నేను చూసుకుంట గద" అన్నాను.

"లేదు బిడ్డా. నా చాపకు ఏమన్న అయితే, నోటితోని అడగకపోయినా మనసుల అడిగిన అనుకుంటడు" అన్నది.

నేను ఫ్రిజ్‌లోంచి ఇంకో సీసా తెచ్చి ఆమె చేతికిచ్చాను.